మిస్డ్ కాల్ మోటారు

ఆ ఉదయం కాంతమణికి అప్పగించిన పని చాలా చిన్నది. ముందుగదిలో ల్యాండ్‌లైన్ ఫోను పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలి. కూతురు మేబెల్ కాలేజీ నుంచి ఫోను చేయగానే రిసీవరు ఎత్తి, తీగ సాగినంత దూరం కిటికీలోంచి బయటికి చాచి, గోడవారగా సంపు పక్కన బిగించి ఉన్న నీళ్ల మోటారు వైపు పట్టుకోవాలి. మోటారు తిరిగి ఆగాక రిసీవరును యథాస్థానంలో పెట్టాలి. అంతే. ఏళ్ల తరబడి మిషన్ స్కూల్లో ఐదో తరగతి పిల్లలను అదుపులో పెట్టిన మనిషికి ఒక కుర్చీనీ ఒక ఫోనునూ అదుపులో పెట్టడం కష్టమని ఎవరూ అనుకోరు. ఆమె అసలే అనుకోలేదు.

"మళ్లీ చెప్తున్నా మమ్మీ," అంది మేబెల్ చెప్పులు తొడుక్కుంటూ. "నేను చేసేదాకా ల్యాండ్‌లైన్ ముట్టుకోవద్దు. నువ్వు ఎవ్వరికీ చేయొద్దు. బాక్సు దగ్గరికి అసలే పోవద్దు."

"ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పావే. నేనేమన్నా మీ నాన్ననా, చెప్పింది మరిచిపోవడానికి?"

పక్కనే టిఫిన్ డబ్బా మూత బిగిస్తున్న యెషయా, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, ఈ మాటకు తల ఎత్తలేదు. పెళ్లయిన కొత్తలో ఎత్తేవాడు.

ఈ చిన్న పని వెనుక పెద్ద విషయం ఉంది. సైనిక్‌పురి దాటాక వచ్చే ఇంజనీరింగ్ కాలేజీలలో ఒకదానిలో మేబెల్ ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్స్ చివరి సంవత్సరం చదువుతోంది. క్యాంపస్ సెలక్షన్లలో ఒక కంపెనీ ఆమెకు ఉద్యోగం ఇస్తానంది, ఒక్క షరతు మీద: అన్ని పరీక్షలూ ఈ వేసవిలోనే పాసవ్వాలి. మిగిలింది ప్రాజెక్టు వైవా ఒక్కటే. అది పోతే సప్లిమెంటరీ రాయాలి. సప్లిమెంటరీ ఫలితాలు వచ్చేనాటికి ఆ ఉద్యోగపు కుర్చీలో ఇంకొకరు కూర్చుని ఉంటారు.

మేబెల్ తయారుచేసింది మిస్డ్ కాల్‌తో నడిచే మోటారు స్విచ్చి. చెప్పుల పెట్టెంత బాక్సులో ఒక పాత సెల్‌ఫోను, దానికి కలిపిన సర్క్యూటు, పైన లోపలిదంతా కనిపించే ప్లాస్టిక్ మూత. ఆ ఫోనుకు ఒక మిస్డ్ కాల్ ఇస్తే మోటారు తిరుగుతుంది, ఇంకొకటి ఇస్తే ఆగుతుంది. క్లాసులో సగంమంది బజారులో తయారుగా దొరికే ప్రాజెక్టులు కొనుక్కొచ్చి, అందులో ఏ తీగ ఎందుకుందో వైవాకు ముందురోజు బట్టీ పట్టినవారే. మేబెల్ మాత్రం ప్రతి అతుకూ తానే వేసుకుంది. కాలిన రెండు వేళ్లు అందుకు సాక్ష్యం. అయితే వైవా తీసుకోవడానికి బయటి కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ వేళ్లు చూసి మార్కులు వేయడు గదా. అందుకని ఆమె గైడు రామభద్రరావు ఒక ఉపాయం చెప్పాడు.

"టేబుల్ మీద బల్బు వెలిగిస్తే ఎక్స్‌టర్నల్ ఆవులిస్తాడమ్మా. మీ ఇంటి మోటారుకే బిగించెయ్. ఇక్కణ్ణుంచి మిస్డ్ కాల్ ఇయ్యి, ల్యాండ్‌లైన్లో చప్పుడు వినిపించు. దెబ్బకు పడిపోతాడు."

"ఎవరు కాల్ చేసినా తిరుగుతుంది కద సార్. మన నంబర్‌కే పనిచేసేటట్టు మార్చమంటారా?"

"అది ఫ్యూచర్ స్కోప్‌లో రాసెయ్."

ఫ్యూచర్ స్కోప్ అనేది ప్రతి ప్రాజెక్టు రిపోర్టులోనూ ఉండే ఆఖరి అధ్యాయం. తాము చేయలేనివన్నీ రాబోయే తరాలవారు చేస్తారని విద్యార్థులు అందులో ఆశాభావం వ్యక్తం చేస్తారు. గైడు సంతకం పెడతాడు. రాబోయే తరాలవారు మళ్లీ తమ తరువాతి తరాల మీద ఆశ పెట్టుకుంటారు. బాక్సులోని నంబరు మేబెల్‌కు తప్ప వేరొకరికి తెలియదు గనుక ఆ అధ్యాయం వల్ల ప్రమాదమేమీ లేదు. ఆ ఉదయం వరకూ లేదు.

ఆ ఉదయం బాక్సులోని సిమ్ము పనిచేయడం మానేసింది. కొత్తది తీసుకుంటే అది మేలుకోవడానికి రెండు రోజులు పడుతుంది. మేబెల్ సిమ్ము మేబెల్‌కే కావాలి. తండ్రిది డ్యూటీకి పోతుంది. ఇంట్లో ఖాళీగా ఉన్నది తల్లిది ఒక్కటే.

"మధ్యాహ్నానికల్లా తీసిచ్చేస్తా మమ్మీ. అయినా నీకు ఎవరు ఫోన్ చేస్తారు?"

కాంతమణి నిజాయితీగా ఆలోచించింది. మాట నిజమే. తనకు ఎవరూ ఫోను చేయరు. అందరూ మిస్డ్ కాల్ ఇస్తారు. ఈ రెండింటికీ ఉన్న తేడా ఆ క్షణంలో ఆమెకు తట్టకపోవడమే తరువాత జరిగిన సమస్తానికీ మూలం.

ఇన్‌కమింగ్ ఉచితమై, అవుట్‌గోయింగ్ మాత్రం ఇంకా గుండె చిక్కబట్టుకుని చేయవలసిన రోజులవి. చర్చి స్త్రీల సమాజంలో ఉదయపు ప్రార్థనకు ఒక ఏర్పాటు ఉండేది. తిరుమలగిరిలో ఉండే ప్రేమమణి తన ఇంట్లో మోకాళ్లూనుతూ సమాజం కార్యదర్శి కాంతమణికి ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది, ప్రార్థన మొదలైందని. కాంతమణి తిరిగి ఒకటి ఇస్తుంది, అందిందని. జవాబు రాకపోతే అందలేదని అర్థం, మళ్లీ ఇవ్వాలి. అప్పటికీ రాకపోతే మిగతా సహోదరీలకు తెలియజేయాలి. వాళ్లూ ఇచ్చి చూడాలి. ఈ పద్ధతిని కాంతమణే పెట్టింది, ఎవరికి ఏ ఆపద వచ్చినా వెంటనే తెలుస్తుందని. అందినట్టు జవాబు వచ్చేదాకా పంపుతూనే ఉండాలన్న ఇదే సూత్రం మేబెల్ చదివిన నెట్‌వర్క్స్ పుస్తకంలో ఒక పూర్తి అధ్యాయం. ఆ పేపర్లో మేబెల్‌కు మంచి మార్కులే వచ్చాయి. ఆ అధ్యాయం తమ ఇంట్లోనే నడుస్తోందని మాత్రం ఆమెకు తోచలేదు.

మేబెల్ బస్సెక్కి వెళ్లిపోయింది. యెషయా సైకిలెక్కి వెళ్లిపోయాడు. కాంతమణి ఫోను పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని, కూతురి కోసం ప్రార్థన మొదలుపెట్టింది. తిరుమలగిరిలో ప్రేమమణి కూడా మోకాళ్లూనింది.

కిటికీ కింద మోటారు గుర్రుమని లేచింది.

కాంతమణి ఉలిక్కిపడింది. మేబెల్ అప్పుడే కాలేజీ చేరిందా? చేరే ఉంటుంది, మోటారు తిరుగుతోందిగా. మరి ఫోను మోగలేదేం? మోగే ఉంటుంది, తానే ప్రార్థనలో మునిగి వినలేదు. మొదటి అడుగులోనే తప్పు చేశానన్న కంగారుతో ఆమె రిసీవరు అందుకుని, అందులో ఏం వినిపిస్తోందో చూసుకోకుండానే నడుము దాకా కిటికీ బయటికి వంగి, మోటారు వైపు చాచింది. పరీక్షకుడు అవతల వింటున్నాడు. పలకరింపు లేకుండా వట్టి మోటారును వినిపించడం మర్యాద కాదనిపించింది.

"నమస్కారమండీ," అంది రిసీవరుతో. "ఇది మా మోటారేనండి. ఇప్పుడే తిరిగింది."

జవాబు అందని ప్రేమమణి పద్ధతి ప్రకారం రెండో మిస్డ్ కాల్ ఇచ్చింది. మోటారు ఆగింది. కాంతమణి రిసీవరు పెట్టేసి, దేవునికి స్తోత్రం చెప్పడానికి చేతులు జోడించింది. జోడించిన చేతులు విడదీయకముందే మోటారు మళ్లీ తిరిగింది. ఇంకోసారి చూపించమన్నాడు కాబోలు అనుకుని మళ్లీ రిసీవరు చాచింది. ఇంకొంచెం సేపటికి, ఈ ఎక్స్‌టర్నల్ చాలా కచ్చితమైన మనిషి అనుకుంది. ఆ తరువాత ఆయన మీద గౌరవం కాస్త తగ్గింది.

మోటారు తిరిగిన ప్రతిసారీ ఆమె రిసీవరు ఎత్తి ఉంచుతుంది గనుక ల్యాండ్‌లైన్ ఎంగేజ్‌లో ఉంటుంది. దీని ఫలితం ఏమిటంటే, మిస్డ్ కాల్స్ మీద నమ్మకం పోయి, చేతి నుంచి పెట్టుబడి పెట్టి ల్యాండ్‌లైన్‌కు చేసిన ప్రేమమణికి కీచుమన్న చప్పుడు తప్ప ఏమీ దక్కలేదు. సెల్లుకు పలకదు. ల్యాండ్‌లైన్ ఎత్తి ఉంది, మాట లేదు. ఒంటరిగా ఉన్న ఆడమనిషి. ఈ మూడింటినీ కలిపి ప్రేమమణి ఒక నిర్ణయానికి వచ్చి, సమాజానికి తెలియజేసింది. కాంతమణక్క పలకడం లేదన్న కబురు డోరా దగ్గరికి చేరేసరికి పలకలేని స్థితిలో ఉందని, మౌలాలి చేరేసరికి స్నానాల గదిలో పడిపోయిందని, పాస్టరు జకర్యా అయ్యగారి దగ్గరికి చేరేసరికి ఆసుపత్రి వాళ్లు ఏమీ చెప్పలేమంటున్నారని మారింది. కబురు విన్న ప్రతి సహోదరీ బాధ్యత గలది గనుక, నమ్మేముందు తానూ ఒక మిస్డ్ కాల్ ఇచ్చి చూసింది.

ఈలోగా డాబా మీది ట్యాంకు నిండి పొర్లింది. ఆ ట్యాంకు పక్కనే ఇంటి ఓనరు విమలమ్మ ఏడాదికి సరిపడా సగ్గుబియ్యం వడియాలు పాత చీర మీద పెట్టి ఉంది. పైపోర్షన్‌లో ఉండే విమలమ్మ మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏందీ టీచరమ్మా, మోటరు ఇడ్సిపెట్టి కూసున్నవ్? మీద ట్యాంకి పొంగుతుంది. నా వడియాలు ఈత గొడుతున్నయ్."

సగం కిటికీ బయట ఉన్న కాంతమణి తల మాత్రం లోపలికి తిప్పి, పెదవుల మీద వేలు పెట్టింది.

"నన్ను నోరు మూసుకొమ్మంటున్నవా? నా ఇల్లు, నా మోటరు, నా వడియాలు. నేనే మూసుకోవాల్నా?"

"మెల్లగా విమలమ్మ గారూ, సారు వింటున్నారు."

"ఏ సారు?"

"మా అమ్మాయికి పరీక్ష పెట్టే సారు. దాని ఉద్యోగమంతా ఈ చప్పుడు మీద ఉంది."

విమలమ్మ వెంటనే గొంతు తగ్గించింది. మేబెల్ ఆమె కళ్ల ముందు పెరిగిన పిల్ల.

"ముందుగాల్ల చెప్పొద్దా మల్ల. మంచిగ వినిపియ్యి. నేను బోయి చీర ఆ మూలకు గుంజుకుంట. సారును జెర జల్ది కానియ్యమను."

ఆమె పైకి వెళ్లి చీరను పొడిగా ఉన్న మూలకు లాగేసరికి నీళ్లు ఆ మూల తెలుసుకున్నాయి. చీరను పిట్టగోడ మీదికి ఎత్తింది. మోటారు ఆగింది. వడియాలను విడదీసి సర్దడం పూర్తయ్యీ కాకముందే మళ్లీ తిరిగింది. ఈసారి విమలమ్మ కిందికి దిగి గుమ్మానికి రాలేదు. తిన్నగా సంపు దగ్గరికి పోయి బాక్సు ముందు చతికిలబడింది. సందులో అప్పటికే చిన్న కాలువ పారుతోంది. ఎండాకాలంలో దారిన పోయే నీళ్లను చూసి ఊరుకునే అలవాటు ఆ సందుకు లేదు; ఇంటింటి నుంచీ బిందెలు, బకెట్లు వచ్చి పిట్టగోడ గొట్టం కింద వరుసకట్టాయి.

"అగో, లోపల ఫోను ఎలుగుతుంది," అంది విమలమ్మ. మోటారు ఆగింది. ఆమె ప్లాస్టిక్ మూత మీదికి వంగింది. కొంచెం ఆగి ఫోను మళ్లీ వెలిగింది; మోటారు లేచింది. "ఓహో. ఒక ఫోనుకు షురూ, ఇంకో ఫోనుకు బంద్. గంతేనా? గా మాత్రం నేను చెయ్యలేనా? టీచరమ్మా, నీ సెల్లు నంబరే కదా గిది?"

కాంతమణి జవాబు చెప్పేలోపే విమలమ్మ కొంగుముడిలోంచి తన సెల్లు తీసి మిస్డ్ కాల్ ఇచ్చింది. దురదృష్టవశాత్తు ఆమె కన్నా రెప్పపాటు ముందు మౌలాలి నుంచి ఇంకొకరు ఇచ్చారు. ఆ కాల్‌కు మోటారు ఆగింది. విమలమ్మ కాల్‌కు తిరిగింది. గొట్టం కింద బిందెలవారు ఆమెకు దండం పెట్టారు.

"గిదేం తక్లీఫ్‌రా నాయనా. ఎవలు వీళ్లంత?" విమలమ్మ బాక్సులోని ఫోను తెర మీద పడుతున్న పేర్లను కూడబలుక్కుని చదివింది. "ప్రే-మ-మ-ణి అట. డోరా అట. మల్ల ప్రేమమణి. టీచరమ్మా, ఎవలు గీ ప్రేమమణి? నా వడియాలతోని ఆమెకేం పంచాయితీ?"

కిటికీలో కాంతమణి చెయ్యి చాచినట్టే బిగుసుకుపోయింది. కారణాలన్నీ అసెంబ్లీలో పిల్లల్లా ఒకదాని వెనుక ఒకటి వచ్చి నిలబడ్డాయి. సిమ్ము తనది. జవాబు ఇవ్వవలసిన ఫోను బాక్సులో ఉంది. జవాబు రాకపోతే మళ్లీ ఇవ్వాలని నేర్పింది తనే. రిసీవరును మెల్లగా లోపలికి తీసి చెవి దగ్గర పెట్టుకుంది. పొద్దుట్నుంచీ తాను మర్యాదగా పలకరిస్తున్నది వట్టి డయల్ టోన్‌ను.

మేబెల్ ఎవరికీ చేయొద్దంది. కానీ చేయకపోతే ఈ మోటారు ఆగదు, మోటారు ఆగకపోతే మేబెల్ చేసే అసలు కాల్‌కు విలువ లేదు. కాంతమణి ప్రేమమణి నంబరు తిప్పింది. అవతల ప్రేమమణి హలో అన్న క్షణంలోనే, పిట్టగోడ మీది నుంచి వడియాల చీర నీటి బరువుకు జారి ధభాలున సందులో పడింది. విమలమ్మ నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకుని గొంతెత్తి ఏడ్చింది. ఆ ఏడుపు విన్న బిందెలవాళ్లలో ఇద్దరు మర్యాద కోసం గొంతు కలిపారు. ప్రేమమణి అంతవరకే విని, ఇక వినలేక ఫోను పెట్టేసింది. ఆమె అప్పుడు పాస్టరు గారి ఇంట్లో, సమాజంలో సగం మంది మధ్య నిలబడి ఉంది.

"అయిపోయింది అయ్యగారూ," అంది.

పాస్టరు గారూ సమాజమూ ఎక్కిన ఆటోలు సందు మొగకు వచ్చేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు, వాకిలంతా నీళ్లు పోసి ఉంది, ఓనరమ్మ గోడకు ఆనుకుని ఏడుస్తోంది. ఇంకా అనుమానించడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. అదే సమయానికి వర్క్‌షాపు నుంచి యెషయా సైకిలు మీద, అతని వెనుక ఇద్దరు తోటి ఫిట్టర్లు, చేతికున్న గ్రీజు కూడా తుడుచుకోకుండా వచ్చారు. అందరూ ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చారు. కాంతమణి ఫోను చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

"బతికే ఉన్నావా కాంతం," అన్నాడు యెషయా తలుపు పట్టుకుని.

"ఉండబట్టేగా రిసీవరు పట్టుకున్నా. నువ్వు డ్యూటీ వదిలేసి ఎందుకొచ్చావు?"

"నువ్వు పోయావన్నారు."

"ఎక్కడికి?"

ప్రేమమణి ఆమె మీద పడి భుజాలు తడిమి చూసింది. "మరి ఎందుకక్కా పలకలేదు? పొద్దుట్నుంచీ మిస్డ్ కాల్స్ ఇచ్చి ఇచ్చి నా బొటనవేలు వాచిపోయింది."

"ఆ వాచిన వేలు వల్లే విమలమ్మ గారి వడియాలు సందులో ఉన్నాయి," అంది కాంతమణి. ఆమె వివరించబోయేంతలో ల్యాండ్‌లైన్ మోగింది. ఆ ఉదయం అది మోగడం అదే మొదటిసారి.

"మమ్మీ," అంది మేబెల్. "ఏం చేస్తున్నావ్ అసలు? ఆ నంబర్ ఎప్పుడు చూసినా బిజీ. ఒకసారి రింగయితే ల్యాండ్‌లైన్ ఎంగేజ్. మోటరు తిరిగిందో లేదో ఎట్లా తెలియాలి? ఎక్స్‌టర్నల్ సుబ్బరాజు సార్ నమ్మట్లేదు. కొనుక్కొచ్చినవాళ్లందరూ ఇట్లాంటి కథలే చెప్తారంటున్నారు. ఇంటికే వచ్చి చూస్తాడట. కారెక్కుతున్నాం. చూసినాక స్టేషన్‌కి పోయి ట్రైన్ ఎక్కేస్తాడట. అక్కడ పని చేయకపోతే అంతే మమ్మీ."

కాంతమణి ఫోను పెట్టేసి ఇరవై ఏళ్ల ఉపాధ్యాయ వృత్తిని ఒక్క చూపులోకి తెచ్చుకుంది. వంటింట్లోంచి ఒక ఇత్తడి పళ్లెం తెచ్చింది.

"అందరూ ఫోన్లు ఆపేసి ఇందులో పెట్టండి. అయ్యగారూ, మీరు కూడా."

పాస్టరు గారు కూడా పెట్టారు. విమలమ్మ సందులోంచి ఏరి తెచ్చిన వడియాలను, ఇప్పుడు వాటిని పిండి అనడమే న్యాయం, ఒక బేసినులో వేసుకుని మెట్ల మీద కూర్చుంది. సందంతా బుద్ధిగా నిశ్శబ్దమైంది. ఫోను వెలగలేదు, ఆఖరి కాల్‌కు ఆగిన మోటారు మళ్లీ కదలలేదు. పొద్దుట్నుంచీ అంత ప్రశాంతత అదే.

కారు ఆగింది. ముందు మేబెల్ దిగింది, తరువాత రామభద్రరావు, ఆ తరువాత ప్యాంటు అంచులు పైకి పట్టుకుని సుబ్బరాజు. ఆయన బురదను, బిందెలను, బైబిళ్లు పట్టుకున్న మహిళలను, గ్రీజు చేతుల ఫిట్టర్లను చూశాడు గానీ ఏమీ అడగలేదు. చాలా కాలేజీలు తిరిగిన మనిషి.

"చూపించమ్మా," అన్నాడు.

మేబెల్ మిస్డ్ కాల్ ఇచ్చింది. బాక్సులో ఫోను వెలిగింది. మోటారు తిరగలేదు.

ముందుగదిలో ఫ్యాను కూడా ఆగి ఉందని మొదట గమనించింది యెషయా. ఆ వేసవిలో రోజూ పోయే కరెంటు, తన వేళకు తాను పోయింది.

"కోత సార్," అన్నాడు రామభద్రరావు. "మళ్లీ వచ్చేసరికి..."

"నా ట్రైన్ పోతుంది." సుబ్బరాజు విచారంగానే అన్నాడు. "నేనేం చేసేదండీ. పొద్దున్న ఫోను బిజీ, ఇప్పుడు కరెంటు లేదు. నేను కళ్లారా చూడనిదానికి మార్కులెలా వేస్తాను? సప్లిమెంటరీలో చూద్దాం."

మేబెల్ కాలిన వేళ్లను అరచేతిలో దాచుకుని బాక్సు వైపు చూస్తూ నిలబడింది. కాంతమణికి ఆ క్షణంలో చెప్పదలచుకున్నవి చాలా ఉన్నాయి. ఒక్కటీ పరీక్షకుడు ఒప్పుకునే రకం కాదు. తల్లి మాట సాక్ష్యం కాదు. చర్చివారి మాట అంతకన్నా కాదు, ఆ మాట మీద నడిస్తే తాను ఈపాటికి చనిపోయి ఉండాలి.

అప్పుడు విమలమ్మ బేసినుతో మెట్లు దిగింది.

"మీరేనా సారు? మీకు జెర దయ ఉండాలె. పిల్ల పరీక్ష అని పొద్దుగాల్నుంచి ఊకున్న. ఇగ నాతోని గాదు."

యెషయా కంగారుగా అడ్డం వెళ్లాడు. "అమ్మా, తర్వాత మాట్లాడుకుందాం, సారుకి ట్రైనుంది."

కాంతమణి భర్త మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఆ సందులో కూతురి పక్షాన మాట్లాడాలన్న కోరిక ఏ కోశానా లేనిది విమలమ్మ ఒక్కతే. "అడ్డం రాకు," అంది. "ఆమెను చెప్పనివ్వు. మొత్తం చెప్పండి విమలమ్మ గారూ. ఏదీ దాచొద్దు."

"నేనెందుకు దాస్త? చూడు సారూ." ఆమె బేసినును ఆయన ముక్కు కిందికి తెచ్చింది. "గీ పిల్ల డబ్బ చేసిన పని. ఎవలు ఫోను చేస్తే గప్పుడు మోటరు లేసుడు, మల్ల చేస్తే పండుడు. లేసుడు, పండుడు. సందు సందంత గోదారి అయింది."

సుబ్బరాజు కారు తలుపు మీది నుంచి చెయ్యి తీశాడు. "మీరు చూశారా? స్విచ్చి ఎవరూ వేయలేదా?"

"స్విచ్చి కాడ నేనే కూసున్న. ఒక్కరి చెయ్యి పడనియ్యలే."

"కాల్ వచ్చాక ఎంతసేపటికి తిరిగేది?"

"ఎంతసేపేంది సారూ. ఫోను ఎలిగిందా, మోటరు మొరిగింది. నాకు మెట్లు దిగే తీరిక గూడ ఇయ్యలే."

"కాల్ రాకుండా తిరగడం గానీ, వచ్చినా తిరగకపోవడం గానీ జరిగిందా? బాగా గుర్తు చేసుకుని చెప్పండి."

"గట్ల ఒక్కపారన్న అయితే బాగుండు," అంది విమలమ్మ కళ్లు ఒత్తుకుంటూ. "ఒక్కపారి తప్పినా సగం వడియాలన్న మిగులుతుండె. గది తప్పుతదా? అంత మొండిది సారూ."

సుబ్బరాజు మహిళల వైపు తిరిగాడు. ఎవరెవరు ఎక్కడి నుంచి చేశారని అడిగాడు. తిరుమలగిరి నుంచి అంది ప్రేమమణి. మౌలాలి అన్నారు ఇంకొకరు. "మా తోడికోడలు రాజమండ్రి నుంచి కూడా ఇచ్చిందండీ, కంగారుపడి," అని డోరా చేర్చింది.

"రాజమండ్రి నుంచి చేసినా తిరిగిందా?"

"తిర్గింది," అంది విమలమ్మ కసిగా. "అన్నిట్ల ఎక్కువ నీళ్లు గప్పుడే వోయినయ్."

సుబ్బరాజు జేబులోంచి పెన్ను తీశాడు. "రావు గారూ," అన్నాడు గైడుతో, "పొద్దుట్నుంచీ మీ ల్యాబులో చాలా ప్రాజెక్టులు చూశాను. అన్నీ చేసినవాళ్లు పక్కన నిలబడి బతిమాలితే పనిచేశాయి. వద్దు మొర్రో అన్నా పనిచేసింది ఇదొక్కటే." తరువాత మేబెల్ వైపు తిరిగాడు. "ఒకటే ప్రశ్న. ఎవరు పడితే వాళ్లు నడిపేస్తున్నారు. దీనికేం చేస్తావు?"

మేబెల్ గైడు వైపు చూసింది. గైడు ఆకాశం వైపు చూశాడు.

"ఫ్యూచర్ స్కోప్‌లో ఉంది సార్."

"అది మాత్రం కొంచెం తొందరగా చెయ్యమ్మా," అని ఆయన కారు బానెట్ మీదే కాగితం పెట్టుకుని మార్కులు వేశాడు. ఆ క్లాసులో అంతకన్నా ఎక్కువ ఎవరికీ రాలేదు. మేబెల్ తల్లిని వాటేసుకుంది. కాంతమణి ఒక చేత్తో కూతురి వీపు తడుముతూ రెండో చేత్తో పళ్లెంలోంచి ఎవరూ ఫోను తీయకుండా కాపలా కాసింది.

"గిదేంది," అంది విమలమ్మ కారు మలుపు తిరిగాక. "నేను ఫిర్యాద్ జేస్తే మార్కులేసిపోయిండేంది?"

ఆ మధ్యాహ్నమే స్త్రీల సమాజం డాబా ఎక్కి ఆమెకు కొత్త వడియాలు పెట్టింది. మేబెల్ జూలైలో ఉద్యోగంలో చేరింది.

వైవా తరువాత వచ్చిన ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయాన కాంతమణి లేచి, కూతురు పాసైనందుకు దేవునికి కృతజ్ఞతలు చెల్లించి, ఆ రోజు తనకు ఏ జబ్బూ చేయలేదని, తాను ఎక్కడా పడిపోలేదని, కనీసం తలనొప్పి కూడా రాలేదని వరుసక్రమంలో, స్పష్టంగా ప్రకటించింది. సంఘమంతా చాలాసేపు స్తుతించింది. స్వస్థత పొందినవారిని వారు ఎందరినో చూశారు గానీ, జబ్బు చేసిన సంగతే రోగికి గుర్తులేనంత సంపూర్ణమైన స్వస్థత ఆ చర్చిలో అదే మొదటిది.